రెండోసారి కూడా ఆ డాక్టరే పలకాలి

2023 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఒక పెద్ద అంకె ప్రకటించింది. ప్రభుత్వ టెలిమెడిసిన్ వేదిక ఈ-సంజీవని ద్వారా రోగులు డాక్టర్లను సంప్రదించిన సందర్భాలు 10 కోట్లు దాటాయి. అందులో సుమారు 3 కోట్ల 17 లక్షలు ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే. రెండో స్థానంలో ఉన్న తమిళనాడు కోటీ పాతిక లక్షల దరిదాపుల్లో ఉంది. తెలంగాణ వాటా అరకోటి లోపే. దేశ జనాభాలో నూటికి నలుగురు కూడా లేని రాష్ట్రం మొత్తం సంప్రదింపుల్లో మూడో వంతు దాకా చేసిందంటే, తెర మీద కనిపించే డాక్టరు మీద ఆంధ్రులకు అంత గురి కుదిరిందా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ అంకె చెప్పేది ఎన్నిసార్లు లైను కలిసిందన్నది మాత్రమే. ఒకసారి చూపించుకున్నవాళ్లలో ఎంతమంది తమంతట తాము మళ్లీ వచ్చారు, వచ్చినవాళ్లకు మొదట చూసిన డాక్టరే దొరికాడా, లేక ప్రతిసారీ కొత్త ముఖానికి మొదటి నుంచీ చెప్పుకోవలసి వచ్చిందా అన్నవి అందులో కనపడవు. ఆన్‌లైన్ వైద్యం నిలుస్తుందో లేదో తేలేది ఆ రెండో రాకడ దగ్గరే. రోగిని రెండోసారి రప్పించేది పేరు తెలిసిన, అడిగితే బదులు చెప్పగల ఒక మనిషి మీద కుదిరిన నమ్మకం. మన పథకాలూ యాప్‌లూ ఆ మనిషిని తప్ప మిగతా అన్నింటినీ సమకూరుస్తున్నాయన్నది నా అభియోగం.

ఈ-సంజీవనికి రెండు దారులున్నాయి. 2019 నవంబరులో మొదలైన పద్ధతిలో రోగి ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్తాడు. అక్కడి ఆరోగ్య సిబ్బంది బీపీ, షుగర్ చూసి, వివరాలు నమోదు చేసి, బోధనాసుపత్రిలోనో జిల్లా ఆసుపత్రిలోనో కూర్చున్న డాక్టరుతో వీడియోలో మాట్లాడిస్తారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, రోగి ఇంటి నుంచే నేరుగా డాక్టరును పలకరించే రెండో దారి తెరిచారు. 10 కోట్లలో అత్యధిక భాగం మొదటి దారిలో వచ్చినవే. అంటే చాలామంది తెరను నమ్మి వచ్చినవాళ్లు కారు. విలేజ్ క్లినిక్‌లో రోజూ కనిపించే మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త, ఎంఎల్‌హెచ్‌పీ అమ్మాయిని నమ్మి, ఆమె కూర్చోబెడితే కూర్చున్నవాళ్లు. పిల్లలకు టీకాలు వేసిన ఏఎన్ఎం, కాన్పుకు వెంట వెళ్లిన ఆశా కార్యకర్త ఏళ్ల తరబడి సంపాదించుకున్న నమ్మకాన్ని తెర మీది డాక్టరు చేబదులు తీసుకుంటున్నాడు. ఆ డాక్టరు రాసిన మందు పనిచేయకపోయినా, అతను సరిగ్గా వినకపోయినా మర్నాడు ఊళ్లో మాట పడేది ఆ అమ్మాయికే. ఇక సిబ్బందికి రోజుకు ఇన్ని కాల్స్ చేయాలని లక్ష్యం పెట్టిన చోటైతే అంకె పెరగడానికి రోగి నమ్మకంతో పనే లేదు.

ఒక సేవను మొదటిసారి వాడటానికీ, వాడుతూ ఉండటానికీ కారణాలు వేరన్నది కొత్త సంగతేమీ కాదు. 2001లో అనోల్ భట్టాచార్జీ అనే పరిశోధకుడు ఆన్‌లైన్ బ్యాంకింగ్ వాడేవాళ్లను పరిశీలించి ఈ తేడాను సూత్రబద్ధం చేశాడు. మొదటిసారి మనిషిని తెచ్చేది అవసరమో ఆశో కావచ్చు. ఆ తరవాత నిలబెట్టేది తాను అనుకున్నదీ తనకు జరిగిందీ ఎంతవరకు సరిపోయాయన్న లెక్క. బ్యాంకులో ఆ లెక్క సులువు: డబ్బు చేరిందా లేదా అంతే. వైద్యంలో అంత సులువు కాదు, ఎందుకంటే తనకు అందిన వైద్యం సరైనదో కాదో తేల్చుకునే చదువు రోగికి ఉండదు. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గితే మందు వల్ల తగ్గిందో, అదే తగ్గిందో అతనికి తెలియదు. అందుకే రోగి తనకు తెలిసిన గుర్తులు పట్టుకుంటాడు. నేను చెప్పింది పూర్తిగా విన్నాడా? ఇప్పటికే వాడుతున్న మాత్రల సంగతి అడిగాడా? పోయినసారి రాసింది గుర్తుందా? రాసిన మందు దొరికిందా? ఈ చివరి ప్రశ్నను మన టెలిమెడిసిన్ చర్చల్లో ఎవరూ పట్టించుకోరు గానీ, నమ్మకం ఎక్కువగా కారిపోయేది అక్కడే. బోధనాసుపత్రి డాక్టరు రాసిన మాత్ర ఊరి ఆరోగ్య కేంద్రం అలమరలో లేకపోతే, ఆ డాక్టరు ఎంత నిపుణుడైనా రోగి దృష్టిలో ఆ సంప్రదింపు ఉత్తి మాటలుగానే మిగిలిపోతుంది.

నమ్మకం గురించి మేయర్, డేవిస్, షూర్మన్ అనే ముగ్గురు 1995లో రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ పరిశోధకులు ఉదహరిస్తుంటారు. ఎదుటివాడిని నమ్మేముందు మనం మూడు చూస్తామంటారు వాళ్లు: పని చేతనైనవాడా, నా మేలు కోరేవాడా, మాట మీద నిలబడేవాడా. ఆన్‌లైన్ వైద్యం అమ్మేవాళ్లు మొదటిదాన్ని బ్రహ్మాండంగా ప్రదర్శిస్తారు. డిగ్రీలు, అనుభవం, నక్షత్రాల రేటింగులు, పెద్ద ఆసుపత్రి పేరు అన్నీ తెర మీద మెరుస్తాయి. మిగతా రెండూ తెర మీద పెట్టి చూపించగలిగేవి కావు. కాలం గడిస్తే గానీ తెలియవు. డాక్టరుతో మాట్లాడటం ఉచితమనీ, మందులూ పరీక్షలూ మాత్రం మా దగ్గరే కొనండనీ చెప్పే వ్యాపారంలో రెండో ప్రశ్న వెంటనే తలెత్తుతుంది. ఈ పరీక్ష నాకోసం రాశారా, అమ్మకం కోసం రాశారా? ఈ అనుమానం ఒకసారి పుట్టాక ఎన్ని నక్షత్రాలున్నా అది పోదు.

ఆన్‌లైన్ డాక్టరును, ఊళ్లో డిగ్రీ లేకుండానే వైద్యం చేసే ఆర్ఎంపీతో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. చదువుకున్నవాళ్లు ఎంత ఈసడించినా పల్లెల్లో ఆర్ఎంపీకి ఇప్పటికీ గిరాకీ తగ్గలేదు. మధ్యప్రదేశ్ పల్లెల్లో, ఢిల్లీలో రోగులుగా నటించడానికి శిక్షణ పొందినవాళ్లను పంపించి చేసిన ఒక అధ్యయనం 2012లో వెలువడింది. పల్లెల్లో వైద్యం చేస్తున్నవాళ్లలో ఎక్కువమందికి వైద్య విద్యార్హతే లేదనీ, సగటున ఒక్కో రోగికి దక్కింది నాలుగు నిమిషాల లోపేననీ అది తేల్చింది. మరి జనం ఎందుకు వెళ్తున్నారు? అతను పిలిస్తే రాత్రయినా వస్తాడు, డబ్బు పంట చేతికొచ్చాక తీసుకుంటాడు, పైగా అదే ఊళ్లో ఉంటాడు. వైద్యం వికటిస్తే ముఖం చాటేయడానికి వీల్లేదు. అతనికి సామర్థ్యం లేకపోవడాన్ని అతని అందుబాటు, జవాబుదారీతనం కప్పేస్తున్నాయి. ఇది మెచ్చుకోవలసిన సంగతేమీ కాదు. అవసరం లేని ఇంజెక్షన్లు, సెలైన్లు, ఇష్టమొచ్చినట్టు యాంటీబయాటిక్స్ అన్నీ ఈ నమ్మకం చాటునే నడుస్తున్నాయి. అయినా ఆన్‌లైన్ వైద్యం పోటీ పడుతున్నది పట్నంలోని కార్పొరేట్ ఆసుపత్రితో కాదని, పక్క వీధిలో ఉన్న ఈ మనిషితోనని విధానాలు రాసేవాళ్లు గ్రహించాలి. ఎంబీబీఎస్, ఎండీ చదివినవాడు తెర మీద మూడు నిమిషాలు కనిపించి మాయమైతే, రేపు మళ్లీ కనిపించే ఆర్ఎంపీ ముందు అతను ఓడిపోతాడు.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. నమ్మకం పెంచడం మంచిదే అంటున్నారు గానీ, గుడ్డి నమ్మకం ప్రమాదం కాదా? ప్రమాదమే. బ్రిటిష్ తత్త్వవేత్త ఒనోరా ఓనీల్ 2002లో బీబీసీ రీత్ ప్రసంగాల్లో నమ్మకం గురించే మాట్లాడింది. ఊరికే నమ్మకాన్ని పెంచుకుంటూ పోవడం గొప్ప కాదనీ, నమ్మదగినవాళ్లను నమ్మి నమ్మకూడనివాళ్లను దూరం పెట్టగలగడమే కావలసిందనీ ఆమె అప్పటి నుంచీ చెబుతూ వచ్చింది. ఆ మాట ఒప్పుకుంటే, ప్రభుత్వమైనా యాప్ అయినా చేయవలసింది ప్రచారం కాదు. రోగి తనంతట తాను పరీక్షించి చూసుకోగల ఆధారాలు ఇవ్వడం. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో అలాంటి ఆధారాలు కొన్ని ఉన్నాయి. మందుల చీటీ మీదా, ఫీజు రసీదు మీదా డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కృత్రిమ మేధ సొంతంగా రోగికి సలహా చెప్పకూడదు, మందు రాయకూడదు. మత్తు మందుల జాబితాలోనివి ఆన్‌లైన్‌లో రాయనే కూడదు. కొన్ని మందులు వీడియోలో చూశాకే రాయాలి. కొన్ని నేరుగా చూసిన రోగికి, అదే జబ్బుకు కొనసాగింపుగా మాత్రమే రాయాలి. మంచి నియమాలే. రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోవాలని రోగికి ఎవరు చెప్పారన్నది వేరే సంగతి.

ఆ మార్గదర్శకాల్లోనే ఇంకో అంశం ఉంది: ఫోన్‌లో చూడటం సరిపోతుందా, రోగి ఎదురుగా రావాలా అన్న నిర్ణయం డాక్టరుదే. నా లెక్కలో నమ్మకానికి ఇంతకు మించిన పరీక్ష లేదు. ‘ఇది ఫోన్‌లో తేలేది కాదు, పొట్ట నొక్కి చూడాలి, రేపు రండి’ అన్న డాక్టరు ఆ రోజుకు ఒక సంప్రదింపు పోగొట్టుకుంటాడు, రోగిని మాత్రం పోగొట్టుకోడు. కాల్‌కు ఇంత అని డబ్బు ముట్టే చోట, లేదా రోజుకు ఇన్ని కాల్స్ అని లెక్క అడిగే చోట ఆ మాట అనడానికి డాక్టరుకు నోరు రాదు. డాక్టర్ల వైపు భయమూ తక్కువేమీ కాదు. బాలింత మరణించిన కేసులో, ఎదురుగా చూడకుండా ఫోన్‌లోనే మందులు చెప్పిన వైద్యులకు బాంబే హైకోర్టు 2018లో ముందస్తు బెయిలు నిరాకరించింది. ఆ తరవాత ఫోన్‌లో సలహా చెప్పడానికే చాలామంది జంకారు. రెండేళ్లకు వచ్చిన మార్గదర్శకాలు వాళ్లకు ఒక చట్టబద్ధమైన గొడుగు పట్టాయి. ముక్కూమొహం తెలియని రోగికి మందు రాసే డాక్టరు అతిజాగ్రత్త పడి పరీక్షల మీద పరీక్షలు రాయడం సహజం. రోగి చరిత్ర తెలిసినవాడికి ఆ అవసరం తక్కువ. నమ్మకం రెండు వైపులా కుదరాలంటే కూడా పాత పరిచయమే దారి.

పరిచయం వల్ల ఒరిగేదేమిటో తేల్చిన ఆధారాలు కావాలంటే నార్వే వైపు చూడాలి. అక్కడ ప్రతి పౌరుడికీ ఒక కుటుంబ డాక్టరు ఉంటాడు. సుమారు 45 లక్షల మంది రికార్డులు తిరగేసి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవాళ్లకు, ఏడాది మాత్రమే ఉన్నవాళ్లతో పోలిస్తే, మరణావకాశం 25 శాతం, అత్యవసరంగా ఆసుపత్రిలో చేరే అవకాశం 28 శాతం తక్కువ. ఇలాంటి అధ్యయనాలు కారణాన్ని పూర్తిగా నిరూపించలేవు. స్థిరంగా ఒకచోట బతికేవాళ్లే ఆరోగ్యంగా ఉంటారేమో అని వాదించవచ్చు. కానీ వేర్వేరు దేశాల నుంచి వచ్చిన 22 అధ్యయనాలను 2018లో ఒకచోట చేర్చి చూస్తే, 18 ఇదే వైపు మొగ్గాయి. మన దేశానికి ఇది పరాయి విషయం అనుకోవడానికి లేదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహ రోగులున్నారు; పెద్దల్లో మూడో వంతుకు పైగా రక్తపోటు బాధితులే. వీళ్లది ఒక్క చీటీతో తీరే జబ్బు కాదు. నెలనెలా చూపించుకోవాలి, మాత్ర మోతాదు మార్చుకోవాలి, ‘బాగానే ఉంది కదా’ అని ఆపేయకుండా ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి. ఆన్‌లైన్ వైద్యానికి సరిగ్గా నప్పే పని ఇదే. మనం మాత్రం దాన్ని జలుబుకూ ఒళ్లునొప్పులకూ వాడుతూ, ప్రతిసారీ ఖాళీగా ఉన్న డాక్టరుకు లైను కలుపుతున్నాం.

అమెరికా అనుభవం కూడా ఇటే వేలు చూపిస్తుంది. 2020 ఏప్రిల్‌లో అక్కడ టెలిహెల్త్ వాడకం ఆ ఫిబ్రవరితో పోలిస్తే 78 రెట్లకు ఎగబాకి, మరుసటి ఏడాదికి 38 రెట్ల దగ్గర కుదురుకుందని మెకిన్సీ సంస్థ లెక్కకట్టింది. కరోనా భయం తగ్గగానే సగం జారిపోయింది. నిలిచినవాటిలో ముందున్నది మానసిక వైద్యం. ముట్టుకుని చూడవలసిన అవసరం తక్కువ కావడం ఒక కారణమైతే, అక్కడ వారం వారం అదే మనిషితో మాట్లాడటం ఇంకో కారణమని నేననుకుంటాను.

గోప్యత సంగతి చెప్పకుండా ఈ వాదన ముగించలేం. 10 కోట్ల ప్రకటనలోనే ఈ-సంజీవని వాడినవాళ్లలో 57 శాతానికి పైగా ఆడవాళ్లని ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ భర్తదో కొడుకుదో అయినప్పుడు, ఆరోగ్య కేంద్రంలో తెర ముందు కూర్చుంటే వెనక వరసలో పదిమంది వింటున్నప్పుడు, నెలసరి బాధో తెల్లబట్టో గృహహింసో ఎలా చెప్పగలరు? ఆమె జ్వరమని చెప్పి వచ్చేస్తుంది. డేటా దొంగతనాల కంటే ముందు ఈ చాటులేనితనమే మన దగ్గర పెద్ద గోప్యతా సమస్య. తలుపున్న ఒక గది, ఒక ఇయర్‌ఫోన్ దీనికి సగం మందు. అలాగని పెద్ద ప్రమాదాలను తీసిపారేయలేం. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి రోజుల తరబడి చేతిరాతతో పని నడపవలసి వచ్చింది. బ్రిటన్‌లో బాబిలోన్ అనే యాప్‌లో 2020లో ఒక రోగికి ఇతర రోగుల వీడియో సంప్రదింపులు కనిపించాయి. 2023కల్లా ఆ సంస్థే కుప్పకూలింది. అదే ఏడాది అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ, మానసిక వైద్య యాప్ బెటర్‌హెల్ప్ రోగుల సమాచారాన్ని ఫేస్‌బుక్ వంటి సంస్థలకు ప్రకటనల కోసం ఇచ్చిందంటూ 78 లక్షల డాలర్లు కట్టించింది. మనకూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం ఉన్నంత మాత్రాన చెప్పుకోలేని జబ్బు చెప్పుకునే ధైర్యం రాదు, అది లేకపోతే మాత్రం అసలే రాదు.

ఇంత నమ్మకం గొడవ ఎందుకు, జనం సౌకర్యం చూసి వస్తారు, ఖర్చు చూసి వస్తారు అనేవాళ్లున్నారు. పాడేరు కొండల మీది నుంచి విశాఖ కేజీహెచ్‌కు, ఉట్నూరు తండా నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కు వెళ్లాలంటే రానూపోనూ చార్జీలు, ఒక రోజు కూలి, వెంట ఇంకొకరు. ఫోన్‌లో అయిపోతే అదే పదివేలు అంటారు. నిజమే, మొదటిసారికి ఆ కారణం చాలు. అయితే ఖర్చు లెక్క వేసేవాడు ఒక్కసారి లెక్క వేసి ఊరుకోడు. ఫోన్‌లో చూపించుకున్నాక కూడా అనుమానం తీరక మళ్లీ పట్నం బస్సెక్కితే, ఆ మొదటిది దండగ ఖర్చు కింద జమవుతుంది. నమ్మకం కుదరని చోట చవక కూడా ఖరీదే అవుతుంది. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి ఊళ్లోని తల్లిదండ్రులకు ఫోన్‌లో డాక్టరును మాట్లాడిపెట్టే పిల్లలకు డబ్బు ఇబ్బంది ఉండకపోవచ్చు. వాళ్లూ అమ్మానాన్నలను అంతకుముందు చూసిన డాక్టరునే వెతుక్కుంటారు.

గట్టి అభ్యంతరం ఇంకొకటి: డాక్టర్లే చాలనప్పుడు ఒక్కో రోగికి అదే డాక్టరును ఎక్కడ తెస్తారు? దీనికి మన నేల మీదే జవాబు వెతకవచ్చు. దేశంలో తొలి గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రం 2000లో చిత్తూరు జిల్లా అరగొండలో మొదలైంది. అది అపోలో వ్యవస్థాపకుడు ప్రతాప్ రెడ్డి సొంతూరు. ఉపగ్రహ అనుసంధానం కంటే ముందే అక్కడ పరిచయం ఉందన్నమాట. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పద్ధతి ఇంకా స్పష్టమైన పాఠం. దాని విజన్ సెంటర్లలో కంటి డాక్టరు ఉండడు. శిక్షణ పొందిన స్థానిక విజన్ టెక్నీషియన్ ఉండి పరీక్ష చేస్తారు, కళ్లద్దాలిస్తారు, అవసరమైతే పై కేంద్రంలోని డాక్టరుకు చూపిస్తారు. ఒక్కో సెంటరు సుమారు 50 వేల జనాభాను చూసుకుంటుంది. డాక్టరు దూరంగా ఉన్నా చూసే మనిషి మారడు, పంపే ఆసుపత్రి మారదు. ప్రభుత్వం కూడా చేయగలిగిన పనే ఇది. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ‘ఫ్యామిలీ డాక్టర్’ పథకం మొదలుపెట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఇద్దరు డాక్టర్లలో ఒకరు 104 సంచార వైద్య వాహనంతో నెలకు రెండుసార్లు ఒక్కో ఊరి క్లినిక్‌కు వెళ్లాలన్నది ఆలోచన. పథకాల పేర్లు ప్రభుత్వాలతో మారుతుంటాయి, దానితో మనకు పేచీ లేదు. నెలకు రెండుసార్లు ఊళ్లో ఎదురుగా చూసిన ఆ డాక్టరే, మిగతా రోజుల్లో ఆ ఊరి నుంచి వచ్చే వీడియో కాల్‌కు పలికితే ఎలా ఉంటుంది? పై ఆసుపత్రిలో ఎవరు ఖాళీగా ఉంటే వారికి కలిపే లైను, ముందుగా ఆయనకు వెళ్లాలి. తనకు అంతుపట్టని కేసును స్పెషలిస్టుకు ఆయనే చూపించాలి. తెలంగాణ బస్తీ దవాఖానాల్లో, పల్లె దవాఖానాల్లోనూ ఇదే చేయవచ్చు. డాక్టరు బదిలీ అయితే కొత్తవారిని పాతవారే ఒక పూట కూర్చుని పరిచయం చేయాలి. డిజిటల్ ఆరోగ్య ఖాతా ఆభాలో రికార్డు ఉంటుంది కదా అంటే, రికార్డు జ్ఞాపకానికి సాయం చేస్తుంది గానీ ‘మీ మోకాలు ఎలా ఉందమ్మా’ అని అడగదు.

ఇది జరగాలంటే ముందు లెక్కించే తీరు మారాలి. నెలకు ఎన్ని కాల్స్ అన్నది పక్కన పెట్టి, ప్రతి జిల్లాకూ మూడు అంకెలు బయటపెట్టాలి: బీపీ, షుగర్ రోగుల్లో మూడు నెలల లోపు మళ్లీ వచ్చినవాళ్లు ఎంతమంది, వాళ్లలో అదే డాక్టరు దొరికినవాళ్లు ఎంతమంది, ‘ఎదురుగా రండి’ అని చెప్పించుకున్నవాళ్లలో నిజంగా ఆసుపత్రికి చేరినవాళ్లు ఎంతమంది. ప్రైవేటు యాప్‌లు కూడా నక్షత్రాల బదులు ఇవే చూపించాలని నియంత్రణ సంస్థలు పట్టుబట్టాలి. వీటిని రాబట్టడానికి కొత్త సాంకేతికత అక్కర్లేదు. ఎవరు ఎప్పుడు ఎవరితో మాట్లాడారన్నది ఆ వ్యవస్థల్లో ఎలాగూ నమోదవుతూనే ఉంటుంది. చిక్కల్లా డాక్టరు సమయం దగ్గరుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు పొద్దుట ఓపీ చూసి, మధ్యాహ్నం ఊళ్లు తిరిగి, ఆపైన సాయంత్రం రెండు గంటలు తన ఊళ్ల కాల్స్‌కు పలకాలంటే, ఆ రెండు గంటలు డ్యూటీగా లెక్కకు రావాలి. దానికి తగ్గట్టు మీటింగులూ, ఆన్‌లైన్ నివేదికలూ నింపే పనీ తగ్గాలి. అది సేవాభావానికి వదిలేస్తే మొదటి ఆరు నెలలు నడుస్తుంది. ఆ తరవాత లైను మళ్లీ ఖాళీగా ఉన్నవాళ్లకే కలుస్తుంది.